తెల్లవారితే గురువారం

పొలం కాగితాలూ ఇన్సూరెన్సు బాండ్లూ దాచుకునే మా ఇంటి సొరుగులో పదమూడేళ్ళపాటు ఒక పొడుగాటి కవరు ఉండేది. దాని మీద నీలం ఇంకుతో, నా దస్తూరీతో ఒక్కటే ముక్క: "14వ తేదీ, గురువారం, రాత్రి 12.40. హైదరాబాద్ నుంచి కువైట్."

తేదీ సరైనదే. వారం సరైనదే. టైమూ సరైనదే. మూడూ కలిపి చదివితే మాత్రం తప్పు. ఆ తప్పు ఒక మనిషి నోటి దగ్గర కూడు తీసేసింది. తప్పు రాయడం ఒక ఎత్తు, రాశాక నేను చేసింది ఒక ఎత్తు. రెండోది ఇన్నేళ్ళూ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు.

రాజోలులో నాకొక చిన్న కొట్టు ఉండేది. మొదట ఎస్టీడీ బూతు, తర్వాత జిరాక్సు మిషను, ఆపైన కంప్యూటరు, చివరికి విమానం టికెట్లు. మా లంక గ్రామాల నుంచీ కొబ్బరితోటల్లోంచీ కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళ కథంతా ఆ నాలుగు బోర్డుల్లో ఉంది. తొంభైల్లో శుక్రవారం వచ్చిందంటే బూతు ముందు బెంచీలు చాలేవి కావు. కువైట్‌లో ఆ రోజు సెలవు. అక్కణ్ణుంచి ఫోన్ వస్తుందని పిల్లలూ, ముసలివాళ్ళూ పొద్దున్నే వచ్చి కూర్చునేవారు. రాయడం రానివాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి. అంతకు ముందు కొన్నాళ్ళు ట్యూషన్లు చెప్పాను కాబట్టి అందరికీ మేస్టారినే. నా అక్షరం ముత్యాల్లా ఉంటుందని ఊళ్ళో పేరు. పెళ్ళిళ్ళ రోజుల్లో శుభలేఖల మీద పేర్లు రాయమని ఇంటికి కబురు పంపేవారు. ఆ పేరు చూసుకుని కాస్త మురిసిపోయేవాణ్ణి కూడా.

కౌంటరు మీద ఒక గ్లోబు పెట్టాను. అడుగు వెడల్పు గ్లోబు, దాని కాడకి కట్టిన ఎర్రదారం. "కువైట్ ఎంత దూరమండి?" అని అడిగినవాళ్ళకల్లా దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస కువైట్ మీద పెట్టి బిగించి చూపించేవాణ్ణి. నాలుగు వేళ్ళ వెడల్పు. సరిగ్గా బెత్తెడు. నేల మీద లెక్కేస్తే 3,300 కిలోమీటర్ల పైచిలుకు.

"ఎంతమ్మా, అయిదు గంటల లోపే దింపేస్తాడు. నువ్వు రాజమండ్రి వెళ్ళి పని చూసుకుని వచ్చేటంత సేపు పట్టదు" అనేవాణ్ణి. సాగనంపడానికి వచ్చిన తల్లుల మొహాలు ఆ మాటతో కాస్త తేటపడేవి. అదే దారం రాజోలు నుంచి హైదరాబాద్‌కి పెడితే చిటికెనవేలి గోరంత. ఆ గోరంత దూరానికి ఒక రాత్రల్లా బస్సులో కూర్చోవాలన్న సంగతి గ్లోబు మీద నేను ఎవరికీ చూపించలేదు.

నిజానికి ఈ తేడా తెలియనివాడు కోనసీమలో పుట్టడు. నదీపాయల మధ్య బతికేవాళ్ళకి దూరం వేరు, సేపు వేరు. సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠకి అవతల నరసాపురం కళ్ళెదుటే ఉంటుంది. రేవు దాటించే పంటు ఈ ఒడ్డున ఉంటే అది పక్క ఊరు. అప్పుడే అవతలికి వెళ్ళిపోయిందా, ఎంతసేపటికి చేరతామో గోదావరికే తెలియాలి. మా చిన్నతనంలో ఏ ఊరైనా ఎంత దూరమని అడిగితే పెద్దవాళ్ళు మైళ్ళు చెప్పేవారు కాదు. "రెండు రేవులు దాటాలి" అనేవారు. "ఒక పూట ప్రయాణం" అనేవారు. చించినాడ దగ్గర వంతెన పడ్డాక, పాలకొల్లు మీదుగా చుట్టు తిరిగి నరసాపురం వెళ్ళేవాళ్ళు తయారయ్యారు. దారి ఎక్కువే. కానీ పంటు కోసం ఎదురుచూడక్కర్లేదు. రైలు మాట చెప్పనే అక్కర్లేదు. కోటిపల్లి–నరసాపురం లైను గురించి మా ఎంపీ బాలయోగి గారి కాలం నుంచీ వింటున్నాం. గౌతమిలో స్తంభాలు లేచాయి గానీ అమలాపురంలో కూత ఇంకా వినపడలేదు.

మా తాతల తరంలో కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగం వెళ్ళేవారు. రంగం అంటే రంగూన్. బర్మాలో తెలుగువాళ్ళకి "కోరంగీలు" అన్న పేరే పడిపోయింది. ఆ కాలంలో ఎవరూ రంగం ఎన్ని మైళ్ళని అడిగి ఉండరు. ఓడ ఎప్పుడు, ఎన్నాళ్ళు పడుతుంది, సముద్రం బాగుందా అని అడిగి ఉంటారు. ఇన్ని తెలిసినవాణ్ణి, కొట్లో కూర్చోగానే బెత్తెడు దారం పట్టుకున్నాను.

ఇక కవరు సంగతి.

ఆమె పేరు రాయను. మలికిపురం అవతల ఒక ఊరు. కువైట్‌లో ఒకే ఇంట్లో ఏడేళ్ళు పనిచేసింది. అక్కడి మాటలో ఖద్దామా. తల్లికి జబ్బు చేస్తే 2008 నవంబరు 17న సెలవు మీద వచ్చింది. సంక్రాంతి వెళ్ళాక తల్లి పోయింది. తర్వాత కర్మకాండలు, స్లాబు దాకా వచ్చి ఆగిపోయిన ఇల్లు, ఆరో క్లాసు చదివే కూతురు. ఒక దాని వెనక ఒకటి, తిరుగు ప్రయాణం వాయిదా పడుతూ వచ్చింది. కువైట్ వదిలి ఆరు నెలలు దాటితే అప్పట్లో అకామా రద్దయ్యేది. అకామా అంటే అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి. చదువు లేకపోయినా ఆ లెక్క ఆమెకి నాకంటే బాగా తెలుసు. కొట్లో అడుగుపెట్టగానే చెప్పింది:

"మేస్టారండీ, మే పదహారో తారీకు లోపల నేను అక్కడ దిగిపోవాలండి. దాటిందంటే మా మేడం కూడా ఏం చెయ్యలేదంటండి."

వేసవి సెలవుల రద్దీ. వెతగ్గా వెతగ్గా 14వ తేదీకి ఒక సీటు దొరికింది. రెండు రోజులు చేతిలో ఉన్నాయి కదా అనుకున్నాం. అప్పటికి ఏడాది కిందటే, 2008 జూన్ 1 నుంచి, ప్రపంచమంతటా విమానాల వాళ్ళు ఎర్ర కార్బన్ పూసిన టికెట్టు పుస్తకాలు మానేసి ఈ–టికెట్టుకి మారిపోయారు. ప్రింటరులోంచి వచ్చే తెల్లకాగితమే టికెట్టు. అంతా ఇంగ్లీషు, అందులోనూ పొడి అక్షరాలు. బయలుదేరే టైము దగ్గర నాలుగే అంకెలు: 0040. అందుకని కాగితాన్ని కవర్లో పెట్టి, కవరు మీద తెలుగులో రాసివ్వడం అలవాటు చేసుకున్నాను. మంచి అలవాటే. ఆ రోజూ రాశాను.

ఆమె కవరు అందుకుని చదువుకుంది. తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. "గురువారం రాత్రేనాండీ?" అంది.

"ఆఁ, గురువారమే. వారం కూడా మంచిది" అన్నాను.

0040 అంటే అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలు. గడియారం ప్రకారం అప్పటికే గురువారం పుట్టేసింది. మనకి మాత్రం రోజు పుట్టేది సూర్యుడితో. పంచాంగంలో వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. ఇంట్లో మాటా అంతే. బుధవారం పడుకుని, మధ్యలో ఒంటిగంటకి మెలకువొచ్చి మంచినీళ్ళు తాగినా అది బుధవారం రాత్రే. కోడి కూస్తేనే గురువారం. కాబట్టి గురువారం రాత్రి అంటే మన ప్రాంతంలో ఎవరికైనా గురువారం పొద్దుగూకాక వచ్చే రాత్రి. టికెట్టు చెప్పిన రాత్రి దానికి ఇరవైనాలుగు గంటల ముందే అయిపోతుంది. అంకెని టికెట్టు భాషలోంచి తీసుకుని, రాత్రి అన్న మాటని మా ఊరి భాషలోంచి తీసుకుని, రెంటినీ ఒకే వరసలో అతికించాను.

బుధవారం సాయంత్రం భార్యాభర్తలు రాజోలులో హైదరాబాద్ బస్సెక్కారు. గురువారం పగలు కూకట్‌పల్లిలో చుట్టాలింట్లో ఉండి, సాయంత్రం శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్దామని వాళ్ళ ఆలోచన. బుధవారం అర్ధరాత్రి దాటాక సూర్యాపేట దగ్గర టీ కోసం బస్సు ఆపారట. ఆమె దిగింది. మేడం ఇంట్లో అందరికీ ఇష్టమని కొత్తావకాయ డబ్బా కట్టుకుంది. అది ఒరిగితే నూనె కారుతుందని భర్తని ఒళ్ళో పట్టుకుని కూర్చోమందట. ఆమె సూర్యాపేటలో గ్లాసు పట్టుకుని నిలబడిన వేళకి, శంషాబాద్‌లో ఆమె సీటు ఖాళీగా గాల్లోకి లేచింది.

గురువారం రాత్రి తొమ్మిదింటికి ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర కాపలా జవాను కాగితం చూసి ఆపేశాడు. ఇది నిన్నటి విమానం అన్నాడు. ఆమె నా కవరు చూపించింది. అతనికి తెలుగు రాదు.

భర్త నాకు ఫోన్ చేశాడు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. కోపం లేదు. ఎక్కడో ఏదో పొరపాటు జరిగింది, మేస్టారు సర్దేస్తారు అన్న నమ్మకం ఉంది. నేను కంప్యూటరు తెరిచి చూశాను. అర్థం కావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. మెడ వెనక చెమట పట్టింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"టికెట్టు మీద 14 అని స్పష్టంగా ఉంది కదయ్యా. 14 అంటే 13 రాత్రే వెళ్ళిపోవాలి. ఒకసారి చూసుకోవద్దా? చదువుకోవద్దా?"

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "మాకేం తెలుసండి, ఇప్పుడెలాగండి" అన్నాడు.

ఎలాగో నా ఎదురుగా స్క్రీన్ మీదే ఉంది. అదే విమానానికి తర్వాత సీటు 19న. ఇంకో దేశంలో దిగి మారే టికెట్టు ఒకటి 15న ఉంది. ఎక్కితే 16లోపు కువైట్‌లో దిగిపోతుంది. ఖరీదు నా రెండు నెలల సంపాదన. వాళ్ళ దగ్గర అంత లేదని నాకు తెలుసు. నా దగ్గర ఉందనీ నాకు తెలుసు. కొనిచ్చానంటే తప్పు నాదని ఒప్పుకున్నట్టే. ఊళ్ళో పేరు పోతుంది, రేపు ఇంకొకరు వచ్చి నిలదీస్తారు. ఇదంతా ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఆలోచించాను.

"సీట్లు లేవయ్యా" అన్నాను.

శనివారం ఇద్దరూ కొట్టుకి వచ్చారు. భర్త కవరు బల్ల మీద పెట్టి, "మీరు రాసింది ఇదేనండి" అన్నాడు. నేను కవరు తీసుకుని, కొత్త ప్రింటు తీస్తానని లోపలికి వెళ్ళాను. వచ్చి ఒట్టి కాగితం చేతిలో పెట్టాను. కవరు లోపలే ఉండిపోయింది. ఆమె ఖాళీ బల్ల వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది. ఏమీ అడగలేదు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

అకామా పోయింది. పది నెలలు ఇంట్లో కూర్చుని, వడ్డీకి డబ్బు తెచ్చి కొత్త వీసా మీద మస్కట్ వెళ్ళిందని తర్వాత విన్నాను. అక్కడ జీతం తక్కువని కూడా విన్నాను.

ఆ ఏడాది శ్రావణంలో ఎప్పట్లాగే ఒక ఇంటివాళ్ళు శుభలేఖల మీద పేర్లు రాయమని పిలిచారు. రాత్రి రెండు దాటాక ముహూర్తం. కార్డు తెరిస్తే అచ్చులో ఉంది: బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం. కలం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆ మాట ఊహ తెలిసినప్పటి నుంచీ చదువుతున్నాను. అర్ధరాత్రి పెళ్ళిళ్ళకి కొన్ని వందల కార్డుల మీద పేర్లు రాశాను. ఆ కార్డు అందుకున్న ఏ చుట్టమూ ఒక రోజు ఆలస్యంగా వచ్చి ఖాళీ పందిట్లో నిలబడలేదు. రెండు వారాల పేర్లూ వేసేసి, రాత్రి ఏది, తెల్లారితే ఏది అని విడదీసి చెప్పడం మన అచ్చాఫీసులవాళ్ళకి ఎప్పటి నుంచో తెలుసు. నేను ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులోకి దించానని మురిసిపోయానే గానీ, మూడు గంటల పెళ్ళికి తీసుకున్న జాగ్రత్త ఒక మనిషి బతుకుతెరువుకి తీసుకోలేదు.

మర్నాటి నుంచి కవరు మీద రాయడం మానేసి చీటీ రాయడం మొదలుపెట్టాను. చీటీని వెనక నుంచి ముందుకి రాయాలి. ఉదాహరణకి ఆమె టికెట్టుకే రాసి ఉంటే ఇలా ఉండేది. విమానం లేచేది బుధవారం రాత్రి 12.40కి, తెల్లవారితే గురువారం. కౌంటరు మూసేది బుధవారం రాత్రి 11.40కి. ఎయిర్‌పోర్టులో ఉండవలసింది బుధవారం రాత్రి 9.30కి. రాజోలులో బస్సెక్కవలసింది మంగళవారం సాయంత్రం. చీటీ చూడగానే అందరూ ఒకే మాట అనేవారు: "గురువారం విమానానికి మంగళవారం బయల్దేరాలాండీ?" అవును, మంగళవారమే. గుమ్మం దాటిన దగ్గర్నుంచి కువైట్‌లో యజమాని కారు ఇంటి ముందు ఆగేదాకా లెక్కేస్తే ముప్ఫై ఏడు గంటలు వచ్చేది. అందులో గాల్లో ఉండేది అయిదు గంటల లోపు. ఇన్నాళ్ళూ నేను చూపించిన బెత్తెడు ఆ అయిదు గంటలదే. మిగతా ముప్ఫై రెండు గంటలు నా గ్లోబు మీద లేవు.

దిగే టైముతో ఇంకో తంటా ఉంది. టికెట్టు మీద ప్రతి ఊరి టైమూ ఆ ఊరి గడియారానిదే. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. రాత్రి 12.40కి లేచి 3.00కి దిగుతుందని ఉంటే ప్రయాణం రెండు గంటల ఇరవై నిమిషాలని అనుకుంటారు. దానికి రెండున్నర కలిపితే నాలుగు గంటల యాభై నిమిషాలు, అదీ అసలు లెక్క. వచ్చేటప్పుడు తలకిందులు. అక్కడ రాత్రి 10.00కి ఎక్కి ఇక్కడ తెల్లవారుజామున 4.45కి దిగితే ఆరు గంటల నలభై అయిదు నిమిషాలుగా కనిపిస్తుంది. రెండున్నర తీసేస్తే నాలుగుంబావు. టికెట్టు చూస్తే వెళ్ళడం దగ్గర, రావడం దూరం. వెళ్ళినవాళ్ళని అడిగితే వేరే చెబుతారు.

ఈ లెక్కలో కూడా రావడం ఒక అరగంట తక్కువే అయింది, చూశారా. అది గాలి మహిమ. విమానాలు ఎగిరే ఎత్తులో, పది కిలోమీటర్ల పైన, గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. చలికాలంలో ఇంకా జోరు. పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు తోడు. గోదావరిలో ఎగువకి పడవ నడిపినవాడికి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత గల్ఫ్ వెళ్ళినవాళ్ళ పిల్లలు అమెరికా వెళ్ళడం మొదలుపెట్టారు. నా గ్లోబుకి కొత్త పని పడింది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా వాళ్ళు ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకి తిప్పారు. దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లో తేలింది, పాత దారి కంటే రెండు గంటలు తక్కువ. తూర్పుకి వెళ్తే గాలి వెనక నుంచి నెడుతుంది. పేపర్లో అది చదివి నాకు చించినాడ వంతెన గుర్తొచ్చింది. 2021 జనవరిలో ఆ కంపెనీవాళ్ళే అందరూ ఆడవాళ్ళే పైలట్లుగా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపారు. ఆ రెండు ఊళ్ళ మధ్య 14,000 కిలోమీటర్లకి కాస్త తక్కువ. గోడకి తగిలించిన మ్యాపు మీద ఆ దారి ఎంత వెతికినా దొరకదు. గ్లోబు మీద దారం బిగిస్తే అదే పైకి జరిగి ధ్రువం పక్కనుంచి పోతుంది. జానాబెత్తెడు.

అలాగని దారం చెప్పిందే దారి అని కూడా కాదు. 2019లో కొన్ని నెలలు, మళ్ళీ 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన ఆకాశం మూసేస్తే మన విమానాలు పడమటికి చుట్టు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు మా వీధిలో ఒకాయన అక్కడే ఉన్నాడు. ఎడారిలో బస్సుల మీద జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడ డేరాల్లో పడిగాపులు పడి, విమానంలో బొంబాయి వచ్చి, రైలెక్కి ఇల్లు చేరాడు. అమ్మాన్ నుంచి అప్పట్లో 488 విమానాలు నడిపి లక్ష మందికి పైగా మనవాళ్ళని తెచ్చారు. ఆయనకి ఆ బెత్తెడు దాటడానికి నెల పైన పట్టింది.

కొట్టు ఉన్నన్నాళ్ళూ ఇలాంటివి వచ్చినవాళ్ళకి చెబుతూ మంచి మేస్టారిననిపించుకున్నాను. చీటీలు వందలు రాశాను. "ఆయన దగ్గర టికెట్టు తీసుకుంటే తప్పిపోవడం ఉండదు" అని పేరొచ్చింది. ఆ పేరు దేని మీద లేచిందో సొరుగులో కవరుకి తెలుసు.

కరోనా తర్వాత కొట్టు మూసేశాను. టికెట్లు అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. 2022లో, కోనసీమ కొత్త జిల్లా అయిన ఏడాది, పొలం కాగితాల కోసం సొరుగు దులిపితే కవరు బయటపడింది. ఇంకు వెలిసిపోలేదు. ఆమె మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేసిందని విన్నాను. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు కవరు జేబులో పెట్టుకుని వెళ్ళాను.

స్లాబు వేసిన ఇల్లు. ముందు రెండు కొబ్బరిచెట్లు. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేసింది, బొండం కొట్టించింది. "ఇంత దూరం వచ్చారేంటండి మేస్టారండీ" అంది. నేను కవరు తీసి ఆమె చేతికిచ్చాను. తప్పు నాదన్నాను. 15వ తేదీ టికెట్టు సంగతి చెప్పాను. సీట్లు లేవని అబద్ధం ఆడానని చెప్పాను. కవరు ఎందుకు దాచానో చెప్పాను. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె కవరుని దూరంగా పట్టుకుని మెల్లగా చదివింది. "గురు...వారం, రాత్రి." తర్వాత అంది:

"మీ రాత బాగుంటుంది కదండీ. అందుకే ఇంకెవర్నీ అడగలేదండి."

నేనేమీ అనలేకపోయాను. కాసేపాగి తనే అంది:

"ఆయన ఉండగా వచ్చుంటే బాగుండేదండి. ఫోన్లో ఆ మాట పడింది ఆయనేనండి. పోయేదాకా అదే అనేవారండి. నేను చదువుకోలేదు కాబట్టే నీ ఉద్యోగం పోయిందే అని. నేను ఎన్ని చెప్పినా వినేవారు కాదండి."

ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. నాకు ఆ సంగతి కూడా తెలియదు.

అలా తప్పు రాయడం ఎవరికైనా జరుగుతుంది. వాళ్ళ ఉద్యోగం పోవడానికి కారణం నా కవరు కూడా కాదు, 15వ తేదీ టికెట్టు మీద నేను మూసిన నోరు. ఒక మాట మిగతా అన్నిటికంటే ఎక్కువ దూరం వెళ్ళింది. చదువుకోవద్దా అని రాజోల్లో కూర్చుని అన్నది, శంషాబాద్‌లో ఒక మనిషి చెవిలో పడి, తొమ్మిదేళ్ళు ఆయనతోపాటే తిరిగింది. చీటీ రాయడం ఆ ఏడాదే నేర్చుకున్నాను. ఈ గుమ్మం దాకా రావడానికి పదమూడేళ్ళు పట్టింది. రాజోలు నుంచి ఆ ఊరికి ఆటోలో అరగంట.

లోపల్నుంచి కూతురు వచ్చింది. ఆనాటి ఆరో క్లాసు పిల్ల. నర్సింగు చదివి అమలాపురంలో రెండేళ్ళు పనిచేసింది, ఇప్పుడు మస్కట్‌లో ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట. నడవలో సగం సర్దిన పెట్టె ఉంది. టికెట్టు ఫోన్లో చూపించబోయింది. నేను చూడలేదు. చెయ్యి జేబులోకి, కలం కోసం, అలవాటుగా పోయింది. వెనక్కి తీసుకుని, "ప్రయాణం ఎప్పుడమ్మా?" అని తల్లినే అడిగాను.

కవరు మడిచి రొంటిన దోపుకుంటూ చెప్పింది. "శనివారం రాత్రండి. తెల్లారితే ఆదివారం."